పరుగులో ఊపిరి లెక్క: ఛాతీ పట్టీ నుంచి శ్వాస రేటు తెలుసుకోవడం ఎలా?

పర్లాకిమిడిలో తెల్లవారకముందే మహేంద్రతనయ నది వైపు పరుగుకు బయలుదేరే కుర్రవాళ్లలో చాలామంది సైన్యంలో చేరడానికి 1.6 కిలోమీటర్ల పరుగు సాధన చేసేవారే. ఈమధ్య వాళ్ల చేతులకు స్మార్ట్ వాచీలు వచ్చాయి, ఒకరిద్దరి ఛాతీకి గుండె రేటు కొలిచే పట్టీలు కూడా వచ్చాయి. గుండె నిమిషానికి ఎంత కొట్టుకుంటోందని అడిగితే అందరూ చటుక్కున చెబుతారు. ఊపిరి ఎన్నిసార్లు తీస్తున్నావని అడిగితే మాత్రం "ఆయాసం వచ్చేసింది మాస్టారూ" అన్నదే జవాబు. ఆ ఆయాసానికి ఒక అంకె ఎలా కట్టాలో, అందుకు గుండె పట్టీ ఒక్కటే ఎంతవరకు సరిపోతుందో ఇక్కడ వివరిస్తాను.

గుండె రేటు ఉండగా ఈ రెండో అంకె ఎందుకని అడగవచ్చు. మే నెల ఉక్కపోతలో ఒకే వేగంతో అరగంట పరుగెత్తితే, శ్రమ పెంచకపోయినా గుండె రేటు మెల్లగా పైకి పాకుతూనే ఉంటుంది. చెమటతో ఒంట్లో నీరు తగ్గడమూ, ఒంటిని చల్లబరచడానికి చర్మం వైపు ఎక్కువ రక్తం మళ్లడమూ అందుకు కారణాలు. శ్వాస రేటు మీదా ఎండ ప్రభావం ఉంటుంది కానీ, మనిషికి తాను ఎంత కష్టపడుతున్నట్టు అనిపిస్తోందో దానికి శ్వాస రేటే ఎక్కువ దగ్గరగా నడుస్తుంది, వేగం పెంచిన కొద్ది సెకన్లలోనే అది మారుతుంది. కూర్చున్న పెద్దవారికి నిమిషానికి 12 నుంచి 20 శ్వాసలుంటే, గట్టి పరుగు చివర అవి 50 దాటడం వింత కాదు.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఛాతీ పట్టీ ఊపిరిని కొలవదు, గుండె లయలో ఊపిరి వేసిన చిన్న ముద్రను బట్టి ఊహిస్తుంది. అందుచేత కనీసం మూడు నాలుగు సార్లు మీ ఊపిరిని మీరే చెవితో లెక్కించి, పట్టీ చెప్పిన అంకెతో పోల్చి చూసుకోకుండా ఆ అంకెను నమ్మవద్దు. కింద చెప్పే పనుల్లో సగం ఆ పోలిక కోసమే.

గుండె లయలో ఊపిరి జాడ

ఊపిరి పీల్చినప్పుడు గుండె కొంచెం వేగంగా, వదిలినప్పుడు కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటుంది. దీనిని వైద్యులు రెస్పిరేటరీ సైనస్ అరిథ్మియా అంటారు. పేరులో అరిథ్మియా ఉన్నా ఇది జబ్బు కాదు, ఆరోగ్యవంతుల లక్షణమే. జర్మన్ శరీరశాస్త్రవేత్త కార్ల్ లూడ్విగ్, తిరిగే డోలు మీద గీత గీసే కైమోగ్రాఫ్ అనే తన పరికరంతో 1847లోనే దీనిని నమోదు చేశాడు. ఒక స్పందన నుంచి తరువాతి స్పందన వరకు పట్టే కాలాన్ని ఆర్–ఆర్ అంతరం అంటారు, దానిని మిల్లీసెకన్లలో కొలుస్తారు. ఊపిరితో పాటు ఈ అంతరం కురచ అవుతూ, సాగుతూ ఉంటుంది. నిమిషంలో అది ఎన్నిసార్లు సాగిందో లెక్కిస్తే అన్ని శ్వాసలు తీసినట్టు. పద్ధతి మొత్తానికి ఆధారం ఇంతే.

చిక్కు వ్యాయామంలో మొదలవుతుంది. విశ్రాంతిలో ఈ అలను నడిపేది మెదడు నుంచి వచ్చి గుండె వేగాన్ని తగ్గించే వేగస్ నాడి. శ్రమ పెరిగేకొద్దీ ఆ నాడి పట్టు సడలుతుంది, అల చిన్నదవుతుంది. కూర్చుని నిదానంగా ఊపిరి తీసే కుర్రవాడిలో వందో, అంతకు మించో మిల్లీసెకన్లు ఊగే అంతరం, గట్టి పరుగులో నాలుగైదు మిల్లీసెకన్లకు దిగిపోవచ్చు. అయితే పూర్తిగా మాసిపోదు. ఊపిరితో ఛాతీలోని ఒత్తిడి మారుతూ, గుండెకు తిరిగి వచ్చే రక్తం హెచ్చుతగ్గులై, లయను పుట్టించే కణజాలం సాగుతూ ఉండడం వలన నాడి ప్రమేయం లేకుండానే కొంత ఊపు మిగులుతుంది. గుండె మార్పిడి చేయించుకున్న వారిలో, అంటే ఆ నాడులు తెగిపోయిన వారిలో కూడా చిన్న అల కనిపించడం దీనికి నిదర్శనం. మనం పట్టుకోవలసింది ఆ మిగిలిన చిన్న అలనే.

మొదటి పని: తగిన పరికరం

మణికట్టు వాచీతో ఈ పని మొదలుపెట్టవద్దు. వాచీ వెనుక మెరిసే ఆకుపచ్చ వెలుగు చర్మం కింది రక్తపు పొంగును చూస్తుంది. పరుగులో చేయి ఊగుతున్నప్పుడు ఆ పొంగు ఏ క్షణాన మొదలైందో మిల్లీసెకన్ల లెక్కన తేల్చుకోవడం దానికి సాధ్యం కాదు. సగటు గుండె రేటు వరకు అది ఫరవాలేదు, మనకు కావలసిన నాలుగైదు మిల్లీసెకన్ల అల మాత్రం ఆ ఊగిసలాటలో కొట్టుకుపోతుంది. నిద్రలో శ్వాస రేటు చెప్పడం వాచీలకు తేలిక, ఎందుకంటే అప్పుడు చేయి కదలదు, అల కూడా పెద్దది. రాత్రి అంకె సరిగా చెప్పిన వాచీ పగలు పరుగులో కూడా సరిగానే చెబుతుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

కావలసింది గుండె విద్యుత్తును పట్టే ఛాతీ పట్టీ, అదీ ఆర్–ఆర్ అంతరాలను బ్లూటూత్ ద్వారా పంపేది. పోలార్ హెచ్10, హెచ్9, గార్మిన్ హెచ్ఆర్‌ఎం–డ్యుయల్ వంటివి పంపుతాయి. తక్కువ ధర పట్టీలలో కొన్ని సగటు గుండె రేటును మాత్రమే పంపుతాయి కనుక కొనేముందు "ఆర్–ఆర్ అంతరం" లేదా "హెచ్ఆర్‌వి" (గుండె లయలోని హెచ్చుతగ్గులు) అన్న మాట వివరాల్లో ఉందో లేదో చూడాలి. ఫోనులో ఆ అంతరాలను ఫైలుగా దాచే యాప్ కూడా ఉండాలి. హెచ్ఆర్‌వి లాగర్, పోలార్ సెన్సర్ లాగర్ వంటివి ఇందుకు పనికివస్తాయి.

గార్మిన్ వాచీ వాడేవారు ఛాతీ పట్టీని కలిపితే వ్యాయామంలో శ్వాస రేటు తెర మీదే వస్తుంది. దాని వెనుక ఉన్నది ఫిన్లాండ్‌కు చెందిన ఫస్ట్‌బీట్ వారి లెక్క, ఆ సంస్థ విశ్లేషణ విభాగాన్ని గార్మిన్ 2020లో కొనుగోలు చేసింది. తెర మీద అంకె వస్తున్నవారు కూడా కింద చెప్పిన పోలికను ఒకసారి చేసి చూడడం మంచిది.

రెండో పని: పట్టీ కట్టడం

పొడి పట్టీ కట్టుకుని బయలుదేరడమే ఎక్కువ చెడ్డ రికార్డులకు కారణం. పట్టీ లోపలి వైపు నున్నగా ఉండే రెండు ఎలక్ట్రోడ్ భాగాలను నీటితో బాగా తడపాలి. ఛాతీ కండరాలకు సరిగ్గా కింద, అంతరాలను ఫోనుకు పంపే ముందు వైపు బిళ్ల రొమ్ము ఎముక మీదికి వచ్చేటట్టు కట్టాలి. గట్టిగా ఊపిరి పీల్చి వదిలినా పట్టీ జారకూడదు, అలాగని ఊపిరికి అడ్డం పడేంత బిగువూ పనికిరాదు. నేను మొదటిసారి కట్టుకుని వెళ్లిన రోజున రోజూ ఎదురయ్యే ఒక పెద్దాయన ఆగి, "ఏటి మాస్టారూ, నడుముకు కట్టాల్సిన బెల్టు గుండెకు కట్టారు?" అని అడిగారు. ఆయనకు జవాబు చెబుతూ నిలబడిన రెండు నిమిషాలూ రికార్డులో చెడిపోయాయి. మాట్లాడేటప్పుడు మనం గబుక్కున పీల్చి, సాగదీసి వదులుతాము కనుక ఆ భాగంలో శ్వాస రేటు ఏదీ నిలకడగా రాదు. పరీక్ష సాగేంతసేపు మాటలు వద్దు, నీళ్లు తాగడం కూడా దశకూ దశకూ నడుమనే చేయండి.

చలికాలం ఉదయాన చెమట పట్టేదాకా పట్టీ సరిగా పనిచేయకపోవచ్చు. మొదటి ఐదు నిమిషాల రికార్డును లెక్కలోకి తీసుకోకపోవడం నా అలవాటు.

మూడో పని: కూర్చుని చేసే పరీక్ష

పరుగుకు ముందు, పరికరం నిజంగా అంతరాలను పంపుతోందో లేదో తేల్చుకోవాలి. కుర్చీలో కూర్చుని రికార్డు మొదలుపెట్టి, గడియారం చూస్తూ 5 సెకన్లు పీల్చి 5 సెకన్లు వదలండి. అంటే నిమిషానికి 6 శ్వాసలు. మూడు నిమిషాలు ఇలా చేశాక యాప్‌లో అంతరాల గీతను చూడండి. ఎత్తుపల్లాలతో నిమిషానికి సరిగ్గా ఆరు అలలు, పిల్లలు కూడా లెక్కపెట్టగలిగినంత స్పష్టంగా కనిపించాలి. కనిపించకపోతే యాప్ సగటును మాత్రమే దాస్తోందేమో చూడండి.

ఇక్కడే ఇంకొక తనిఖీ ఉంది, దీనిని ఎవరూ చెప్పరు. బ్లూటూత్ ప్రమాణంలో ఆర్–ఆర్ అంతరం మిల్లీసెకన్లలో రాదు, సెకనులో 1024వ వంతు లెక్కన వస్తుంది. చాలా యాప్‌లు దానిని మిల్లీసెకన్లలోకి మార్చి దాస్తాయి, కొన్ని మార్చవు. తేల్చుకోవడం తేలికే. సరిగ్గా 10 నిమిషాలు రికార్డు చేసి అంతరాలన్నీ కూడండి. మొత్తం సుమారు 600 సెకన్లు వస్తే అన్నీ సవ్యంగా ఉన్నట్టు. 614 దాకా వస్తే యాప్ మార్చలేదని అర్థం, ప్రతి అంకెను 1.024తో భాగించాలి. 600 కన్నా బాగా తక్కువ వస్తే నడుమ కొన్ని స్పందనలు ఫోనుకు చేరలేదని అర్థం. అప్పుడు ఫోను ఎక్కడ పెట్టుకున్నారో చూడండి. నడుముకు వెనుక కట్టిన సంచిలో ఉన్న ఫోనుకూ, ఛాతీ మీది బిళ్లకూ నడుమ మీ ఒళ్లే గోడగా నిలుస్తుంది. ఫోను చేతికి కట్టుకుంటే ఈ బాధ చాలావరకు తీరుతుంది.

నాలుగో పని: పరుగు, దానితో పాటు చెవి లెక్క

ఐదు నిమిషాలు నడక, ఐదు నిమిషాలు మెల్లని పరుగు, మూడు నిమిషాలు గట్టి పరుగు, చివర మూడు నిమిషాలు నడక చొప్పున చేయండి. ప్రతి దశలోనూ వేగం నిలకడగా ఉండడం ముఖ్యం. ఎత్తుపల్లాలు లేని మైదానం కానీ, ఇంట్లో కదలని సైకిల్ కానీ మొదటిసారికి మేలు. మహేంద్రగిరి వైపు కొండ దారిలో సైకిలు తొక్కేవారు కూడా మొదట చదునైన నేల మీద ఈ పరీక్ష చేసుకుని, ఆ తరువాతే ఎక్కుడు దారికి వెళ్లడం మంచిది.

చెవి లెక్కకు ఉత్తమ సాధనం ఫోను మైకే. తీగ ఉన్న ఇయర్‌ఫోన్ మైకును చొక్కా కాలరుకు నోటి దగ్గరగా పిన్నుతో పెట్టి, గాలి రొద తగలకుండా పైన చిన్న గుడ్డముక్క చుట్టండి. ఆడియో రికార్డునూ అంతరాల రికార్డునూ ఒకేసారి మొదలుపెట్టి, గడియారంలోని సమయాన్ని పైకి చదవండి. తరువాత రెండింటినీ జతపరచడానికి ఆ మాటే గురుతు. ఇంటికి వచ్చాక ప్రతి దశలో చివరి ఒక నిమిషాన్ని విని, ఊపిరి వదిలిన చప్పుళ్లను లెక్కించి కాగితం మీద రాసుకోండి. పీల్చే చప్పుడు సన్నగా ఉండి అడుగుల చప్పుడులో కలిసిపోతుంది, వదిలే చప్పుడు తేటగా వినిపిస్తుంది.

పదిహేను సెకన్లు లెక్కించి నాలుగుతో గుణించవద్దు. ఒక్క శ్వాస అటూ ఇటూ అయినా నాలుగు శ్వాసల తేడా వస్తుంది. మా వీధి ఆశా కార్యకర్త, దగ్గుతో ఉన్న పిల్లవాడిని తల్లి ఒడిలో కూర్చోబెట్టి, చొక్కా పైకెత్తి, పొట్ట మీద నుంచి చూపు మరల్చకుండా పూర్తి నిమిషం లెక్కపెట్టడం చూశాను. నడుమ పిల్లవాడు ఏడిస్తే ఆపి, అతడు శాంతించాక మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు నిమిషానికి 40, అంతకు మించి ఉంటే వేగపు శ్వాసగా పరిగణించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. 39కీ 41కీ నడుమ నిర్ణయం మారిపోయే చోట పదిహేను సెకన్ల లెక్క చెల్లదు. మన పరుగుకు అంత ప్రాణాపాయం లేకపోయినా, పోలికకు పెట్టుకున్న కొలబద్దే వంకరగా ఉంటే పట్టీని తప్పుపట్టే హక్కు మనకు ఉండదు.

ఐదో పని: అంతరాలను శుభ్రం చేయడం

ఫైలును స్ప్రెడ్‌షీటులో తెరిస్తే ఒకే వరుసలో అంకెలు కనిపిస్తాయి. 400 దగ్గర నడుస్తున్న వరుసలో ఒకచోట 801 వస్తే, నడుమ ఒక స్పందన జారిపోయిందని అర్థం. దానిని 400, 401గా విడదీయండి. 260, దాని పక్కనే 540 వస్తే, స్పందన ముందుగా పడిందో, కండరాల కదలికను పట్టీ స్పందన అనుకుందో అయి ఉంటుంది. ఆ రెండింటి మొత్తం చెడకుండా చెరి సగం చేయండి. ఏ అంకెనూ ఊరికే తీసేయకూడదు. తీసేస్తే ఆ తరువాతి కాలమంతా ముందుకు జరిగి, చెవి లెక్కతో జత కలవదు.

విశ్రాంతి రికార్డుల్లో పక్క విలువల కన్నా 20 శాతం తేడా ఉన్నవాటిని తప్పుగా ఎంచడం మామూలు. పరుగులో అసలు ఊపే ఒకటి రెండు శాతం కనుక ఆ హద్దును 5 శాతానికి తగ్గించుకోవడం మంచిదని నా అభిప్రాయం. నిమిషంలో నాలుగైదు కన్నా ఎక్కువ చోట్ల దిద్దవలసి వస్తే ఆ నిమిషాన్ని వదిలేయండి. దిద్దుబాట్ల మీద కట్టిన అల మన అల కాదు.

ఆరో పని: అలను లెక్కించడం

ప్రోగ్రామింగ్ రానివారు కూడా దీనిని చేయగలరు. నిమిషానికి 150 గుండె రేటు దగ్గర అంతరాలు ఇలా ఉంటాయనుకోండి: 404, 400, 396, 397, 403, 405, 401, 396, 395, 402, 404, 399, 395, 397, 402. పెద్ద అంకెలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడండి. ఒకటో స్థానంలో 404, ఆరో స్థానంలో 405, పదకొండో స్థానంలో మళ్లీ 404 ఉన్నాయి. ఐదు స్పందనలకొక శిఖరం. మొదటి ఐదింటినీ కూడితే 2000 మిల్లీసెకన్లు, అంటే 2 సెకన్లకొక శ్వాస, నిమిషానికి 30. శిఖరానికీ లోయకూ నడుమ తేడా పది మిల్లీసెకన్లే. మనం వెతికే అల ఎంత చిన్నదో దీనిని బట్టి తెలుస్తుంది.

నిజమైన ఫైలులో గుండె రేటు కూడా పెరుగుతూ తరుగుతూ ఉంటుంది కనుక ముందు ఆ నెమ్మది మార్పును తీసేయాలి. ప్రతి అంతరానికీ అటు ఏడు, ఇటు ఏడు, తానొకటి కలిపి పదిహేను విలువల సగటు కట్టి, ఆ సగటును అసలు విలువ నుంచి తీసేయండి. మిగిలిన వరుసకు గీత గీయించి ముప్పై సెకన్ల భాగంలోని శిఖరాలు లెక్కపెట్టవచ్చు. కళ్లు మోసపోతాయనుకుంటే ఇంకో దారి ఉంది. ఎనభై విలువల వరుసను తీసుకుని, దానినే మూడు, నాలుగు, ఐదు ఇలా స్థానాలు కిందికి జరిపి, స్ప్రెడ్‌షీటులోని సహసంబంధం (కోరిలేషన్) సూత్రంతో రెండూ ఎంత కలుస్తున్నాయో చూడండి. ఎన్ని స్థానాల జరుపులో ఎక్కువగా కలిస్తే ఒక శ్వాసకు అన్ని స్పందనలు. అయితే 150 రేటు దగ్గర నాలుగు స్థానాలంటే 37.5 శ్వాసలు, ఐదంటే 30. నడుమ ఉన్నవి చిక్కవు. అందుకని పన్నెండు స్థానాల దాకా జరిపి రెండో శిఖరాన్ని కూడా చూడాలి. అది తొమ్మిది దగ్గర వస్తే శ్వాసకు నాలుగున్నర స్పందనలు, అంటే నిమిషానికి 33.

కంప్యూటరు అలవాటున్నవారికి దారి ఇంకా సాఫీగా ఉంటుంది. అంతరాలను కూడుతూ పోయి కాలరేఖ కట్టి, సెకనుకు 4 బిందువుల చొప్పున సమంగా పరచి, నెమ్మది మార్పును తీసేసి, 30 సెకన్ల కిటికీలు, అంటే ముక్కలు తీసుకుని ఎఫ్.ఎఫ్.టి. (అలను పౌనఃపున్యాలుగా విడదీసే లెక్క) చేస్తే ఏ పౌనఃపున్యం దగ్గర బలం ఎక్కువగా ఉందో కనిపిస్తుంది. దానిని 60తో గుణిస్తే శ్వాస రేటు. 30 సెకన్ల కిటికీలో రెండు శ్వాసల తేడానూ, 60 సెకన్ల కిటికీలో ఒక శ్వాస తేడానూ విడదీయగలము. కిటికీ పెద్దదైతే సూక్ష్మత పెరుగుతుంది కానీ, వేగం మారే చోట పాతదీ కొత్తదీ కలిసిపోతాయి. పరుగుకు 30 సెకన్ల కిటికీని 5 సెకన్ల చొప్పున జరుపుతూ పోవడం నాకు నచ్చిన పద్ధతి. సమంగా పరచడం ఇష్టం లేనివారు ఖగోళ పరిశోధకుల నుంచి వచ్చిన లాంబ్–స్కార్గల్ పద్ధతిని వాడవచ్చు, అది ఎగుడుదిగుడు బిందువులనే నేరుగా తీసుకుంటుంది. పైథాన్‌లో న్యూరోకిట్2, విడిగా ఫిన్లాండ్ వారి కుబియోస్ ఇటువంటి పనికి చాలామంది వాడేవే.

వెతికే పరిధికి పై హద్దు మరవకూడదు. ఒక శ్వాసకు కనీసం రెండు స్పందనలు లేకుంటే అల రూపు తెలియదు. అంటే గుండె రేటులో సగానికి మించిన శ్వాస రేటును ఈ పద్ధతి చూడలేదు. 60 రేటుతో కూర్చున్నవారికి ఆ హద్దు 30, పరుగులో 150 దగ్గర అది 75. వ్యాయామం మనకు ఇచ్చే ఒకే ఒక సౌకర్యం ఇది.

హెచ్10 పంపే అసలు ఈసీజీనే తీసుకుని స్పందనలను తామే గుర్తిస్తామనే ఉత్సాహవంతులకు ఒక హెచ్చరిక. ఆ ఈసీజీ సెకనుకు 130 నమూనాల చొప్పున వస్తుంది. రెండు నమూనాల నడుమ 7.7 మిల్లీసెకన్లు. నాలుగైదు మిల్లీసెకన్ల అలను ఆ జల్లెడతో పట్టలేము. నమూనాల నడుమ వంపును లెక్కగట్టి శిఖరాన్ని తేల్చుకోవాలి, లేదా పట్టీ తానే గుర్తించి పంపే అంతరాలను వాడాలి. ఈసీజీకి వేరే ఉపయోగం ఉంది: ఊపిరితో ఛాతీ ఉబ్బినప్పుడు గుండెకూ ఎలక్ట్రోడ్లకూ నడుమ తీరు మారి, శిఖరాల ఎత్తు కూడా ఊపిరితో పాటు హెచ్చుతగ్గులవుతుంది. ఆ ఎత్తుల వరుస నుంచి శ్వాసను రాబట్టే పద్ధతిని 1985లోనే ప్రతిపాదించారు. అంతరాల లెక్కా, ఎత్తుల లెక్కా ఒకే అంకె చెబితే నమ్మకం పెరుగుతుంది.

ఏడో పని: అడుగుల దొంగను పట్టుకోవడం

నేను నెల రోజులు తప్పుదారి పట్టింది ఇక్కడే. గత చలికాలం నా రికార్డులో గుండె రేటు 150 దగ్గర నిలిచిన చోట, శ్వాస 20 అని వచ్చింది. అంత నిదానంగా ఊపిరి తీస్తూ ఆ వేగంతో పరుగెత్తే ఊపిరితిత్తులు నాకు లేవు. ఆడియో వింటే 38. ఫైలులో తప్పుల్లేవు, పట్టీ తడిగానే ఉంది, లెక్క రెండుసార్లు సరిచూశాను. అయినా 20 దగ్గర శిఖరం నిటారుగా నిలబడి ఉంది.

కారణం అడుగులు. పరుగులో ప్రతి అడుగుకూ కాలి కండరాలు రక్తాన్ని పైకి నెడతాయి, ఒళ్లు అదురుతుంది, ఆ ఊపు అంతరాల్లో కూడా పడుతుంది. నా అడుగులు నిమిషానికి 170. గుండె నిమిషానికి 150 సార్లు మాత్రమే "చూస్తుంది" కనుక 170 దానికి 170గా కనిపించదు, రెండింటి తేడా అయిన 20గా కనిపిస్తుంది. సినిమాలో బండి చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించడానికి కారణం కూడా ఇదే. సైకిలుకూ ఈ బాధ తప్పదు. పెడలు నిమిషానికి 80 తిరిగితే రెండు కాళ్ల తోపులు 160, గుండె రేటు 140 అయితే మళ్లీ అదే దొంగ 20. పైగా ఆ 80 తిరుగుళ్లు కూడా 140లో సగాన్ని దాటుతాయి కనుక మడతపడి 60 దగ్గర కనిపిస్తాయి.

దొంగను పట్టే ఉపాయం సులువు. అడుగుల రేటు మారకుండా గుండె రేటు పెరిగినప్పుడు దొంగ శిఖరం కిందికి జారుతుంది. నా రికార్డులో గుండె 156కు ఎక్కేసరికి ఆ 20 కాస్తా 14 అయింది. శ్రమ పెరుగుతుంటే ఊపిరి తగ్గడమేమిటి? కనుక ప్రతి కిటికీకీ అడుగుల రేటు నుంచి గుండె రేటును తీసివేసి ఆ అంకె పక్కన రాసుకోండి. మీకు వచ్చిన శ్వాస రేటు దానికి రెండు మూడు అంకెల లోపల ఉంటే ఆ శిఖరాన్ని పక్కనపెట్టి రెండో పెద్ద శిఖరాన్ని చూడండి. నా ఫైలులో రెండో శిఖరం 38 దగ్గరే ఉంది, నేను దానిని చూడలేదంతే. అనుమానం తీరకపోతే ఒక నిమిషం పాటు కావాలని పొట్టి అడుగులతో పరుగెత్తండి. దొంగ చోటు మారుస్తాడు, ఊపిరి ఉన్నచోటనే ఉంటుంది.

కొందరికి ఊపిరీ అడుగులూ జతపడి నడుస్తాయి. రెండు అడుగులకు పీల్చి, రెండు అడుగులకు వదిలేవారికి 170 అడుగుల దగ్గర శ్వాస 42 లేదా 43 అవుతుంది. అటువంటివారికి శ్వాస రేటు అడుగుల రేటులో సరిగ్గా నాలుగో వంతు రావడం చూసి కంగారు పడనక్కర్లేదు.

ఎనిమిదో పని: పోల్చి చూడడం

ఒక కాగితం మీద దశల వారీగా చెవి లెక్క ఒక గడిలో, పట్టీ లెక్క దాని పక్కన రాసి తేడా వేయండి. సగటు తేడా ఒక్కటే చూస్తే మోసపోతాము. ఒకచోట ఆరు ఎక్కువా, ఒకచోట ఆరు తక్కువా వచ్చినా సగటు సున్నాయే. అందుచేత అతి పెద్ద తేడా ఎంతో, అది ఏ దశలో వచ్చిందో చూడండి. సాధారణంగా నడకలోనూ మెల్లని పరుగులోనూ ఒకటి రెండు శ్వాసల తేడాతో సరిపోతుంది. వేగం మారిన మొదటి నిమిషంలోనూ, గట్టి పరుగు చివరలోనూ తేడా పెరుగుతుంది. శిఖరం ఏదీ స్పష్టంగా లేని కిటికీకి అంకె వేయవద్దు, గడిని ఖాళీగా ఉంచండి. యాప్‌లు ఖాళీ చూపడానికి ఇష్టపడక పాత అంకెనే సాగదీస్తాయి. తెర మీద అరనిమిషం పాటు ఒకే శ్వాస రేటు కదలకుండా నిలిచిందంటే అదే అనుమానించండి.

ఈ పద్ధతి పనిచేయని మనుషులూ ఉన్నారు. వయసు పెరిగేకొద్దీ ఊపిరి అల సన్నబడుతుంది. మధుమేహం వలన నాడులు దెబ్బతిన్నవారిలో అది దాదాపు కనిపించకపోవచ్చు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే గుండె లయ దోషం ఉన్నవారి అంతరాలు ఊపిరితో నిమిత్తం లేకుండా చిందరవందరగా ఉంటాయి, పేస్‌మేకర్ ఉన్నవారి లయను యంత్రమే నడపవచ్చు. వారికి వచ్చే అంకెకు అర్థం లేదు. మెల్లని నడకలోనే ఆయాసం, ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉన్నవారు ఫైలు తెరిచి అలలు వెతుక్కుంటూ కూర్చోకుండా డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

పరుగు ముగిశాక బిళ్లను పట్టీ నుంచి విడదీయడం మరచిపోకండి. తడి పట్టీకి తగిలించి ఉంచితే అది ఒంటి మీదనే ఉన్నాననుకుని పనిచేస్తూ లోపలి బ్యాటరీని తినేస్తుంది. పట్టీని మంచినీళ్లలో జాడించి, ఎండలో కాక నీడలో ఆరవేయండి. ఎలక్ట్రోడ్ల మీద చెమట ఉప్పు పేరుకుంటే మరునాటి రికార్డులో దిద్దవలసిన అంకెలు రెట్టింపవుతాయి.